గంతల్లో కనిపించిన తొర్ర

మూడో రోజు కూడా మకెరెతా పొయ్యి ముట్టించలేదు.

వంటపాకలో ఆమె మొగుడు ఇలాయిసా కర్రపెండలం చెక్కు తీస్తున్నాడు. తీస్తున్నాడని మర్యాదకి అంటున్నాను. దుంప తొక్కలతోపాటు పోతోంది, తొక్కలు గిన్నెలో పడుతున్నాయి. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో అతను వంటకత్తి పట్టుకోవడం చూసి కోళ్ళు కూడా దూరం జరిగి నిలబడ్డాయి.

నేను చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్ళేసరికి మకెరెతా గోడవైపు తిరిగి మొగలాకు చాప అల్లుతోంది. ఆ చాప పోయిన ఆదివారానికే అయిపోవాలి. కోపంలో ఎక్కడ ఆపాలో మరిచిపోయింది. ఇంకో వారం ఇలాగే ఉంటే దాన్ని మా కడావు దీవి మొత్తానికి పరిచి, మిగిలింది పక్క దీవికి అరువివ్వచ్చు.

గది మధ్యలో దిండు మీద గంతలు పెట్టి ఉన్నాయి. రాజధాని సువా నుంచి వచ్చిన చదువుకున్న పిల్ల తోరికా వాటిని వీఆర్ అంటుంది. ఊళ్ళో మాత్రం గంతలనే అంటాం. గుర్రానికి గంతలు కడితే పక్కన ఉన్నది కనిపించదు. మనిషికి ఇవి కడితే పక్కన లేనిది కనిపిస్తుంది. అంతే తేడా.

"మరదలా, ప్రాణం ఉందా?" అన్నాను.

"నువ్వు పోయేదాకా ఉంటుంది సకియూసా బావా. నిన్ను సాగనంపాకే నేను," అంది గోడతో.

మకెరెతా మా మేనమామ కూతురు. వరసకి నేను చేసుకోవలసిన పిల్ల. నేను గడ్డం గీసుకుని మంచి చొక్కా వెతుక్కునేలోగా ఇలాయిసా వాళ్ళు పిల్లనడగడానికి తిమింగలం పన్ను పట్టుకెళ్ళి వాళ్ళ నాన్న ముందు పెట్టేశారు. ఇక నాకు ఆమెని ఆటపట్టించే హక్కూ, ఆమెకి నన్ను తిట్టే హక్కూ మిగిలాయి. ఇద్దరం ఏ రోజూ వృథా చెయ్యలేదు.

తోరికా గుమ్మం దగ్గర మూట సర్దుకుని కూర్చుంది. "సాయంత్రం పోటుకి పడవ వెళ్ళిపోతుంది తాతా. ఈలోగా గొంతు కావాలి. మీరైనా చెప్పండి."

సంగతి ఇదీ. తోరికా వాళ్ళు పన్నెండు రోజులు మా పగడపు దిబ్బ మీద తిరిగి, గుండ్రటి కెమెరాతో దాన్ని ఉన్నదున్నట్టు గంతల్లోకి ఎక్కించుకున్నారు. సువాలో సిమెంటు మేడల్లో పెరిగే పిల్లలు, ఆస్పత్రి మంచాల్లో ఉన్న ముసలివాళ్ళు వాటిని కట్టుకుని దిబ్బ మీద నడవాలట. నడిస్తే దాని మీద ప్రేమ పుడుతుందట. చేపలు ఎక్కాయి, నీళ్ళు ఎక్కాయి, ఎండ ఎక్కింది. చెప్పే గొంతు ఒక్కటే ఎక్కలేదు. "దిబ్బ తెలిసిన ఆడమనిషి చెప్పాలి" అంది తోరికా. "మకెరెతా చెబుతుంది. ఆమె కాదంటే ఉనాయిసీ చెబుతుంది" అన్నాడు ఊరి పెద్ద.

ఆయన మొదటి మాట దగ్గర ఆగి ఉంటే ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఉనాయిసీ ఇలాయిసా తమ్ముడి భార్య. తమ్ముడు సరుకుల ఓడ మీద పనిచేస్తూ రెండు నెలలకోసారి ఇంటికొస్తాడు. మకెరెతా మోకాళ్ళు వాచి నాలుగేళ్ళుగా సముద్రానికి వెళ్ళడం లేదు. అప్పటినుంచీ ఆక్టోపస్‌లు పట్టే కర్ర ఉనాయిసీ చేతిలోనే ఉంది. కెమెరాకి దారి చూపించింది కూడా ఆమే. గంతలు కట్టుకున్నవాళ్ళకి ముందుగా కనిపించేది ఆమె వీపే. మొన్న బడిపిల్లలకి కట్టి చూపిస్తే, బయటికొచ్చి "ఉనాయిసీ చిన్నమ్మ దిబ్బ, ఉనాయిసీ చిన్నమ్మ దిబ్బ" అని ఊరంతా అరుచుకుంటూ తిరిగారు.

"ఒక్కసారి కట్టుకుని చూస్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"నా సముద్రాన్ని ఇంకొకదాని వీపు వెనకనుంచి చూడనా?"

"మీ ఆయన చూశాడుగా."

"చూశాడు. పదకొండుసార్లు చూశాడు."

"ఏడు," వంటపాకలోంచి అన్నాడు ఇలాయిసా.

"పదకొండు. నాలుగుసార్లు నేను నిద్రపోతున్నాననుకున్నావు."

"చేపల్ని చూశాను."

"ఏ చేపని?"

"అన్నిటినీ."

"పసుపుపూల గౌను వేసుకున్న చేపని కూడానా?"

ఉనాయిసీ నీళ్ళలోకి దిగేది పసుపుపూల గౌనుతోనే.  ఇలాయిసా మాటల్ని గింజల్లా దాచుకునే మనిషి. వంటపాకలో కత్తి చప్పుడు మాత్రం కొంచెం పెరిగింది.

గాలి తేలికపడుతుందేమోనని నేనన్నాను: "నేను కట్టుకున్నప్పుడు ఒక సొరచేప ఎదురొచ్చింది. నన్ను గుర్తుపట్టి ఆగింది."

"నీ దగ్గర అప్పు తీసుకుందేమో."

"కాదు. మకెరెతా ఎందుకు రావడం లేదు అని అడిగింది."

నవ్వుతుందనుకున్నాను. అల్లుతున్న వేళ్ళు ఆగిపోయాయి.  డెబ్బై ఏళ్ళుగా కోతలు కోస్తున్నాను, ఏది ఎక్కడ తగులుతుందో ఇప్పటికీ నాకు తెలియదు.

అప్పుడే ఉనాయిసీ వచ్చింది. రెండు చేతులతో గిన్నె పట్టుకుని, ఇంటి పెద్దవాళ్ళ ముందు నడిచినట్టు నడుం వంచి వచ్చి గిన్నె చాప మీద పెట్టింది.

"అక్కా, కొబ్బరిపాలల్లో చేమాకు వండాను. బావగారు మూడు రోజులుగా ఉడకని దుంపలు తింటున్నారని విన్నాను."

"ఎవరు చెప్పారు? ఆయనేనా?"

"ఊరు చెప్పింది."

"ఊరికి నోరుంది, నీకు కాళ్ళున్నాయి. ఇంకేం కావాలి మీకు."

ఉనాయిసీ ఆ మాటకి లేచి పోలేదు. మోకాళ్ళు మడిచి కూర్చుంది. ఆ మడత చూసి మకెరెతా మొహం తిప్పుకుంది. తన మోకాళ్ళు అలా మడత పడి నాలుగేళ్ళయింది.

"గొంతు నువ్వే ఇవ్వు అక్కా," అంది ఉనాయిసీ. "నువ్వుండగా నేను చెబితే బాగుండదు. కానీ నువ్వు ఇవ్వనంటే మాత్రం నేను ఇస్తాను. వదిలిపెట్టను."

"ఎందుకు వదలవు?"

"నాకూ కావాలి కాబట్టి."

ఇలాయిసా కత్తి చప్పుడు ఆగింది. తోరికా మూట మీది చెయ్యి తీసేసింది. ఇంత సూటి మాట ఆ ఇంట్లో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో.

మకెరెతా నెమ్మదిగా గోడవైపు నుంచి ఇటు తిరిగింది. మూడు రోజుల తర్వాత ఆమె మొహం మాకు కనిపించింది.

"ఇలా తే ఆ గంతలు," అంది.

తోరికా ఒక్క గెంతులో లేచింది. మకెరెతా చెయ్యెత్తి ఆపింది. "అడక్కుండా దిబ్బలోకి వెళ్తామా? కావా వేరు ఏది?"

"మేము వచ్చిన రోజే ఊరి పెద్దకి వేరు ఇచ్చి అడిగాం కదా పెద్దమ్మా."

"నువ్వడిగావు. నేను అడిగి నాలుగేళ్ళయింది."

ఇలాయిసా వెళ్ళి అటక మీంచి, మేం దంచి నీళ్ళలో పిండుకుని తాగే కావా వేరు కట్ట తెచ్చి గంతల ముందు పెట్టాడు. మాట్లాడవలసింది నేను. ఊళ్ళో ఏ వేరు పెట్టినా నాలుగు మాటలు చెప్పేది నేనే కదా. కానీ ఆ వస్తువుకి మొహం ఎటో వీపు ఎటో నాకు తెలియలేదు. ఎందుకైనా మంచిదని దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఎండ పడుతున్నవైపు కూర్చుని, "ఈ ఇంటి కోడలు మళ్ళీ వస్తోంది, దారి ఇవ్వండి" అని సముద్రానికి చెప్పవలసినదంతా చెప్పాను. అందరం అరచేతులు గుంటచేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాం. తోరికా నవ్వు ఆపుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల తల వంచుకునే ఉంది.

మకెరెతా గంతలు కట్టుకుంది.

మాకు కనిపించింది ఆమె ఒళ్ళు మాత్రమే. ముందు మెడ కదిలింది. తర్వాత భుజాలు దిగాయి. ఆ తర్వాత, నేను మళ్ళీ చూస్తాననుకోనిది చూశాను. చాప మీద చాపుకున్న వాచిన పాదాలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. మడమ ఆనించకుండా, వేళ్ళతో తడుముకుంటూ, పగడం మీద నడిచేవాళ్ళు ఎలా వేస్తారో అలా అడుగులు వేశాయి.

తోరికా గొంతు పట్టే యంత్రం నొక్కింది. దాని మీద ఎర్ర దీపం వెలిగింది.

"నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి," అంది మకెరెతా. ఇంట్లో మమ్మల్ని తిట్టే గొంతు కాదది. "పిల్లలూ, చూసి అడుగు వెయ్యండి. తెల్లగా ఉన్నది ఇసుక, దాని మీద నడవండి. గోధుమరంగుది బతికుంది, దాన్ని తొక్కకండి. ఎండ మీ మొహం మీద పడేలా నడవండి. నీడ మీకంటే ముందు వెళ్ళిందంటే ఇక ఏదీ దొరకదు. అన్నీ మీ నీడని చూసే పారిపోతాయి."

ఇంకో నాలుగడుగులు పడ్డాయి.

"ఇక్కడ పీత గుల్లలు ఉన్నాయి చూడండి. ఆక్టోపస్ ఇల్లు ఊడ్చుకోదు. తిన్నదంతా గుమ్మంలోనే పారేస్తుంది. గుల్లలు కొత్తగా ఉంటే లోపల ఉన్నట్టు. దానికి మూడు గుండెలు. ఒక్క గుండె ఉన్న మీకే ఇంత ఉక్రోషం ఉంటే దానికెంత ఉండాలి? కోపం వస్తే ఎర్రబడుతుంది, భయం వేస్తే పాలిపోతుంది. మొహం దాచుకోవడం రాదు దానికి."

తోరికా కళ్ళు మెరిశాయి. నేను ఉనాయిసీని చూశాను. ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి, మకెరెతా మాటల్ని అనుకుంటున్నట్టు. తర్వాత కదలడం మానేశాయి. బిగుసుకుపోయాయి. పన్నెండు రోజులు నడుం లోతు నీళ్ళలో నిలబడి తను చూపించినదాన్ని, చాప మీద కూర్చుని నాలుగు మాటల్లో ఇంకొకామె తనదిగా చేసేసుకుంటే ఎలా ఉంటుందో ఆ మొహం మీద రాసి ఉంది.

మకెరెతా చెయ్యి ముందుకు చాచింది. గాలిలో దేన్నో తాకబోయింది. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

గంతలు పీకేసి ఒళ్ళో పెట్టుకుంది.

"అది మా అమ్మ తొర్ర," అంది.

తోరికా యంత్రం ఆపింది.

"నాకు సంబంధం కుదిరిన వారం అమ్మ నన్ను ఒక్కదాన్నే తీసుకెళ్ళి ఆ ఆక్టోపస్ తొర్ర చూపించింది. ఆమెకి వాళ్ళమ్మ చూపించింది. కూతుళ్ళకి తప్ప చూపించం. నాకు నలుగురూ కొడుకులే. నాతోనే పోతుందిలే అనుకున్నాను." ఆమె ఉనాయిసీ వైపు చూసింది. "నువ్వు వెతకను కూడా లేదు. తిన్నగా వెళ్ళి చెయ్యి పెట్టావు. తెలిసిన ఇంట్లో గడియ తీసినట్టు."

ఉనాయిసీ తల దించుకుంది.

"బతికున్నవాళ్ళలో ఒక్కరికే చెప్పాను. పెద్ద తుఫానులో పైకప్పు ఎగిరిపోయి, చర్చి బల్ల కింద దూరి, ఇక చస్తామనుకున్నప్పుడు చెప్పాను." ఇప్పుడామె చూపు వంటపాక గుమ్మంలో నిలబడ్డ మొగుడి మీద ఉంది. "పదకొండుసార్లు ఎందుకు చూశావో ఇప్పుడు తెలిసింది."

"నేను చెప్పలేదు," అన్నాడు ఇలాయిసా.

అంతకంటే ఒక్క మాట అదనంగా అని ఉంటే ఆమె నమ్మేదేమో. అతను అనలేదు.

ఇక్కడ మీతో ఒక సంగతి చెప్పాలి. అతను నిజంగానే చెప్పలేదు. ఉనాయిసీకి చెప్పింది నేను.

ఆ తొర్ర ఎక్కడుందో నాకెలా తెలుసని అడక్కండి. తెలుసు, అంతే. రెండేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం కావా గిన్నె దగ్గర కూర్చుని ఉనాయిసీకి కోతలు కోస్తున్నాను. మా మరదలు పట్టిన ఆక్టోపస్ నా పడవ లంగరు పట్టుకుని నన్ను మూడు దీవులు దాటించి, సరిగ్గా ప్రార్థన వేళకి పరాయి చర్చి ముందు దింపిందని చెప్పాను. ఏ తొర్రలోంచి వచ్చిందని అడిగింది. విరిగిన రాయికి పడమర, రెండు నీలి పగడాల మధ్య అన్నాను. కథకి కాస్త నిజం అంటిస్తే రుచిగా ఉంటుంది కదా. ఉనాయిసీ నా అబద్ధాలు ఒక్కటీ నమ్మలేదు. వాటిలో ఉన్న ఆ ఒక్క నిజాన్నీ ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళింది.

మరి అక్కడే ఆ మాట ఎందుకు చెప్పలేదంటారా? చెప్పవలసిందే. కానీ నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి మకెరెతా ఇలాయిసాని అలా చూస్తోంది. పరాయివాణ్ణి చూసినట్టు చూస్తోంది. నాలోపల ఎక్కడో ఒక ముసలి కుర్రాడు కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని, ఇంకాసేపు చూడనీ, ఇంకాసేపు, అన్నాడు. వాడి మాట విన్నాను.

"మళ్ళీ నొక్కమ్మాయీ," అంది మకెరెతా.

ఆమె గంతలు కట్టుకుంది. ఎర్ర దీపం వెలిగింది.

"పిల్లలూ, ఇది మా అమ్మ తొర్ర. ఇప్పుడు ఇందులోకి వెళ్తున్న చెయ్యి చూడండి. దొంగ చెయ్యి అలా ఉంటుంది."

తీసేసింది.

తోరికా దీపం ఆర్పేసింది. "పెద్దమ్మా, ఇది విని పిల్లలు సముద్రాన్ని ప్రేమించాలి. ఆ మాట తుడిచెయ్యనా?"

"వద్దు. ప్రేమించినవాళ్ళకే కదా దొంగెవరో తెలియాలి."

ఉనాయిసీ లేచి నిలబడింది. పెద్దవాళ్ళు కూర్చుని ఉండగా మా ఇళ్ళల్లో అలా నిలబడరు.

"చివరిదాకా చూశావా అక్కా?"

"చూసింది చాలు."

"చూడలేదు. నేను అందులోంచి ఆక్టోపస్‌ని తియ్యలేదు. ఇసుక తీశాను. తుఫాను వచ్చినప్పుడల్లా ఆ తొర్ర పూడిపోతుంది. నాకు తెలిసిన రోజునుంచీ దోసిళ్ళతో తీస్తూనే ఉన్నాను. రెండేళ్ళలో అక్కడ ఒక్కదాన్ని కూడా పట్టలేదు. నువ్వు మళ్ళీ వస్తావని కాదు. నువ్వు రావని తెలుసు. పూడిపోయి ఉంటే చూడలేక తీశాను."

ఇది విని మకెరెతా మెత్తబడుతుందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఆమె మొహం పాలిపోయి, తర్వాత ఎర్రబడింది. దొంగతనం చేసిందంటే ఓర్చుకునేది. తను వెళ్ళలేని చోటికి వెళ్ళి తన బదులు ప్రేమించి వచ్చిందంటే ఓర్చుకోవడం ఎలా?

"ఎవరు చూపించారు నీకు?" అంది. గొంతు అరిగిపోయినట్టు ఉంది.

"అది కూడా ఆ యంత్రంలోనే చెబుతాను. నన్ను దొంగ అన్న చోటే అదీ ఉండాలి." ఉనాయిసీ మకెరెతా ఒళ్ళోంచి గంతలు తీసుకుని కట్టుకుంది. "నొక్కు తోరికా." ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది.

సువా పిల్లలందరూ నా పేరు వింటారని కాదు నా భయం. ఎదురుగా కూర్చున్న మకెరెతా వింటుందని. నేను చెప్పకుండా ఇంకొకరు చెప్పగా వింటుందని.

"ఆగమ్మా," అన్నాను. "నేనే చెప్పాను. తొర్ర సంగతి ఉనాయిసీకి చెప్పింది నేను. ఇలాయిసా కాదు."

మకెరెతా నావైపు తిరిగింది.  ఆ చూపులో జాలి ఉంది.

"సొరచేప చెప్పిందా బావా నీకు?"

"నిజం మరదలా."

"నీ నిజాలు నాకు కొత్తా? నువ్వు మంచివాడివి. తమ్ముడి వరస కదా, ఆయన్ని కాపాడాలని చూస్తున్నావు. ఇవాళ వద్దు. నీ కోతలకి ఇవాళ నాకు ఓపిక లేదు."

ఉనాయిసీ గంతలు పైకెత్తింది. "అవునక్కా. సకియూసా బావే."

"ఓహో, ముందే కూడబలుక్కున్నారా?" మకెరెతా నవ్వింది. అలాంటి నవ్వు ఎవరి ఇంట్లోనూ వినపడకూడదు. "మా ఆయన కోసం ఎంతమంది నిలబడుతున్నారో. తోరికా, మూట తీసుకో తల్లీ. నా గొంతు నువ్వు పట్టుకెళ్ళు. దొంగ మాటతో సహా పట్టుకెళ్ళు."

ఆమె మళ్ళీ గోడవైపు తిరిగి మొగలాకు అందుకుంది. తోరికా ఆమెనీ ఉనాయిసీనీ మార్చి మార్చి చూస్తూ కదలకుండా ఉండిపోయింది. రేవు నుంచి పడవ శంఖం ఊదారు.

మకెరెతా నమ్మలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని, చెప్పవలసిన మనిషి నమ్మలేదు.

ఇలాయిసా నమ్మాడు.

అతను వంటపాక గుమ్మం దాటి వచ్చాడు. కత్తిని చాప అంచున జాగ్రత్తగా పెట్టాడు. చేతులు లుంగీకి తుడుచుకుని, నాకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ నన్ను అన్నా అనే పిలిచిన మనిషి ఆ పిలుపు వదిలేశాడు.

"వాళ్ళమ్మ ఆమెకి తప్ప ఎవరికీ చూపించలేదు," అన్నాడు. "ఆమె నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అంటే ఆమె దిబ్బ మీదికి ఒంటరిగా వెళ్తుంటే నువ్వు వెనకాల వెళ్ళావు."

యంత్రం మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. గోడ దగ్గర మొగలాకు అల్లే చప్పుడు ఆగిపోయింది.

"ఒక్కటే అడుగుతాను, అబద్ధం చెప్పకు," అన్నాడు ఇలాయిసా. "మా పెళ్ళికి ముందా, తర్వాతా?"